ఆపినా ఆగని కరెంటు

1884లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో జాన్ హెన్రీ హోమ్స్ అనే ఇంజనీరు, స్ప్రింగు దెబ్బకు టక్కున విడిపోయే స్విచ్ తయారుచేశాడు. అక్కడ అప్పటి దీపాలకు వెళ్లేది డీసీ కరెంటు. స్విచ్‌ను మెల్లగా తీస్తే రెండు లోహపు ముక్కల నడుమ గాలిలోనే మంట సాగేది, ముక్కలు కరిగేవి. ఆ మంట నిలబడకముందే వాటిని దూరంగా లాగెయ్యడం హోమ్స్ ఉపాయం. తర్వాత ఏసీ వచ్చింది. అది సెకనుకు వందసార్లు సున్నాకు దిగుతుంది కనుక మంట ఆరడం తేలికైంది. డీసీ గొడవ మామూలు ఇళ్లవాళ్లు మరిచేపోయారు.

డీసీ కరెంటే ఇచ్చే సోలార్ ప్యానెళ్లు ఆ గొడవను మళ్లీ నెత్తిమీదికి తెచ్చాయి. అమెరికాలో 1897 నుంచి ఉన్న నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో సోలార్ కోసం 690వ అధికరణం 1984లో చేరింది. డీసీ స్విచ్ చేతికి సులువుగా అందేచోట ఉండాలన్నారు. స్విచ్ తీసినా రెండువైపులా కరెంటు ఉండే వీలుంటే, ఆ మాట దానిమీదే రాసిపెట్టాలన్నారు. ఒకపక్క ఎండ తగిలే ప్యానెళ్లు, రెండోపక్క ఇన్వర్టర్‌లో చార్జి దాచుకునే కెపాసిటర్లు మరి!

అసలు చిక్కు వేరే ఉంది. గోడమీది స్విచ్ తీస్తే ఇన్వర్టర్ ఆగుతుంది గానీ, పైకప్పు నుంచి స్విచ్ దాకా వచ్చే తీగలు ఎండ ఉన్నంతసేపూ బతికే ఉంటాయి. దుకాణాలు, గోదాముల మీద అవి 1000 వోల్టుల దాకా ఉండొచ్చు. పొగ వదలడానికి కప్పు కోసే ఫైర్ సిబ్బందికి అది ప్రాణగండం. 2013 సెప్టెంబరులో న్యూజెర్సీలోని డెలాంకోలో, కప్పునిండా వేలాది ప్యానెళ్లున్న గోదాము తగలబడినప్పుడు ఈ భయమే వాళ్లకు అడ్డుపడింది. ఆ తీగల వోల్టేజీని వెంటనే దించాలన్న కొత్త నియమం ఆ మంటలోంచే పుట్టిందనుకుంటే పొరపాటు. ‘రాపిడ్ షట్‌డౌన్’ ఉన్న 2014 కోడ్ అంతకుముందు నెలలోనే వచ్చింది. ప్యానెళ్లకు పదడుగులు దాటిన తీగలు పది సెకన్లలో 30 వోల్టులకు దిగాలంది.

ఆ పదడుగుల లోపల మాటేమిటి? 2017 కోడ్ ఆ హద్దును ఒక్క అడుగుకు కుదించింది. భవనాల మీద ప్యానెళ్ల మధ్య తీగలు కూడా 30 సెకన్లలో 80 వోల్టులకు దిగాలంటూ 2019 జనవరి 1 గడువు పెట్టింది. గోడమీది స్విచ్‌తో అది అయ్యే పని కాదు. అందుకే చాలాచోట్ల ప్యానెల్ వెనకే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె చేరింది. ఖర్చూ పెరిగింది, కప్పుమీద చెడిపోయే వస్తువులూ పెరిగాయి. ఇన్‌స్టాలర్ల సణుగుడులో న్యాయం లేకపోలేదు.

మన సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2013 నిబంధనలు కూడా, తాళం వేయగల చేతిస్విచ్ కావాలన్నాయి. అయితే అది గ్రిడ్ వైపు ఉండేది. సప్లై తీసేసి స్తంభమెక్కిన లైన్‌మన్‌కు ఎవరి మేడమీది కరెంటో ఎదురు రాకూడదన్నది అక్కడి ఆలోచన.