బాదం లౌజ్ నుండి శెనక్కాయ పిండి దాకా

గింజల పిండితో మిఠాయిలు, బిస్కెట్లు చేయడం ఈనాటి కొత్త ఫ్యాషన్ అని మన పిల్లలు అనుకుంటున్నారు. అది నిజం కాదు. 1226లో ముహమ్మద్ బిన్ హసన్ అల్ బగ్దాదీ రాసిన 'కితాబ్ అల్ తబీఖ్' అనే వంటల గ్రంథంలో బాదం, చక్కెర నూరి చేసే 'లౌజీనజ్' ఉన్నది. అరబ్బీలో 'లౌజ్' అంటే బాదం. 'బాదామ్ కీ లౌజ్' అని మనం ఉర్దూలో అంటున్నామంటే, ఆ పాత మాటే నేటికీ మన నోట ఉన్నదన్నమాట. హైదరాబాదు ఇళ్లలో బాదం ముద్దను పల్చగా ఒత్తి, అచ్చులతో కోసి, కాల్చి 'బాదామ్ కీ జాలీ' చేస్తారు.

మార్కాపురం, గిద్దలూరు వైపు మనబోటి వాళ్లకు బాదం ఎక్కడిది? ఈ మెట్ట నేలలకు దక్కింది శెనక్కాయ. ఇదీ పరాయి గింజే. పుట్టిల్లు దక్షిణ అమెరికా. అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1916లో వేరుశనగతో 105 రకాల వంటకాలు చెప్పి చిన్న పుస్తకం అచ్చు వేయించారు. మన దేశంలో మైసూరు ఆహార పరిశోధన సంస్థ వారు నూనె తీసిన వేరుశనగ పిండి మూడు పాళ్లు, శనగపిండి ఒక పాలు కలిపి, విటమిన్లు చేర్చి పౌష్టికాహారం తయారు చేశారు.

మా ఇంట్లో ఈద్‌కు అమ్మీ చేసే పద్ధతి చెబుతాము. గింజలు సన్నసెగన వేయించి, బాగా చల్లార్చి, పొట్టు నలిపి చేటలో చెరగాలి. తర్వాత కొంచెం కొంచెంగా దంచి జల్లించాలి. మిక్సీ అయితే ఆపి ఆపి తిప్పాలి. గింజలో దాదాపు సగం నూనే గనుక, ఏకబిగిన తిప్పితే పిండి కాక ముద్ద అవుతుంది. ఈ పిండికి గోధుమకున్న సాగుడు గుణం లేదు. అందుకే మూడు పాళ్లు మైదాకు ఒక పాలు కలిపి, నెయ్యి, చక్కెరతో పిసికి, మందపాటి గిన్నెలో ఇసుక పోసి, పైన మూత మీద నిప్పులు పెట్టి కాల్చేది.

ఒక ఏడు గోతాం అడుగున గింజలు ముక్కి, పచ్చటి బూజు పట్టినవి. "కడిగి వేయిస్తే సరిపోదా అమ్మీ? ఇంత డబ్బు పోతుందే!" అన్నాము. "డబ్బు పోతే పోనీ బేటా, పిల్లల కడుపులో మన్ను పోస్తామా?" అని అంతా గుంట తీసి పూడ్చేసింది. ఆ ఈద్‌కు బిస్కెట్లు లేవు. మేము అలిగి కూర్చున్నాము.

పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాము. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. వాటి దాణాలోని వేరుశనగ పిండికి పట్టిన బూజే కారణమని తేలింది. ఆ విషానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని చెడగొడుతుంది, క్యాన్సర్‌కూ దారి తీస్తుంది. వేయించినా, కాల్చినా పూర్తిగా పోదు. పిండి చేశాక కంటికి కనబడదు కూడా.

కాబట్టి సోదరీమణులారా, చవకగా వస్తున్నవి గదా అని పుచ్చు గింజలు కొనకండి. గింజ గింజా ఏరి, ఎండబెట్టి, పిండి మాత్రం ఏ రోజుకారోజు చేసుకోండి. బడికి పోని మా అమ్మీకి తెలిసిన ఈ సంగతి, బడిలో పాఠం చెప్పే మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.