అట్లాంటిక్ దాటిన మనవారు

మా మంఖాలుకు సముద్రము మిక్కిలి దూరము. అయినను 2008లో శంషాబాదున విమానాశ్రయము తెరవబడినది మొదలు దేశాంతరయానము మా నెత్తిమీదుగనే సాగుచున్నది. నేడు కలవారు చలికాలమున ఓడలెక్కి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి, వెచ్చని యెండకాయు మార్టినీకు, గ్వాడలూపు దీవులను వినోదార్థము చూచి వచ్చుచున్నారు. ఆ దీవులకు మనవారు పూర్వమే పోయిరని ఎందరెరుగుదురు? నేను పాఠములు చెప్పిన పుస్తకములలో రాజుల యుద్ధములుండెను గాని ఈ కూలీల యోడలు లేవు.

1848లో ఫ్రెంచివారు తమ దీవులలో బానిసత్వమును రద్దుచేసిరి. చెరకుతోటలకు పనివారు కరవైరి. అంతట మనదేశపు కూలీలతో ‘ఒరేలీ’ యను ఓడ 1853 మే 6న మార్టినీకును, మరుసటి యేడు డిసెంబరు 24న గ్వాడలూపును చేరెను. తరువాత పోయినవారిలో తమిళులతోపాటు తెలుగువారును కలరు. తెరచాపయోడ ఆఫ్రికా దక్షిణాగ్రమును చుట్టి పోవుటకు సుమారు మూడు మాసములు పట్టెడిది. ఒడంబడిక ఐదేండ్లకు, గడువు తీరినపిదప తిరుగుప్రయాణము ఉచితమని మాట. 1889 నాటికి గ్వాడలూపునకే సుమారు 42 వేలమంది చేరిరి. వారిలో తిరిగివచ్చినవారు కొందరే.

అచ్చట పుట్టిన బిడ్డలకు సయితము పౌరహక్కులు సులభముగా దక్కలేదు. ఆన్రీ సిదంబరం అను నతడు 1904లో పోరాటమారంభింపగా, 1923లో గాని ఆ హక్కు స్థిరపడలేదు.

వినోదయాత్రికునకు తిరుగుటిక్కెట్టు చేతనుండును. ఆ కూలీలలో పెక్కుమందికి అది కాగితముమీది మాటగానే మిగిలెను. మీ యింట “ఓడనెక్కి పోయి మరల రాలేదు” అని పెద్దలు చెప్పుకొన్న పేరేదేని యున్నచో, అది మరుగుపడకమునుపే వ్రాసియుంచుడు. ఆవలియొడ్డున వారి మునిమనుమలు తమ యూరిపేరు వెదకుకొనుచుండవచ్చును.