పెద్ద ఎఫ్, చిన్న ఎఫ్

ఈ-పుస్తకాలను సర్దిపెట్టే క్యాలిబర్ ప్రోగ్రామ్‌లో ఒక పుస్తకం వివరాలు తెరిచి, షిఫ్ట్ నొక్కడానికి బద్ధకించి చిన్న ఎఫ్‌తో ‘ఫిక్షన్’ అని ట్యాగ్ కొట్టి చూడండి. అప్పటిదాకా పెద్ద ఎఫ్‌తో ఉన్న ఫిక్షన్ పుస్తకాలన్నీ ఒక్క దెబ్బతో చిన్న ఎఫ్‌లోకి దిగిపోతాయి. మార్చింది ఒక పుస్తకానికే కదా! ఈ తీగ లాగితే డొంక అచ్చుకూటం దాకా కదులుతుంది.

ఇంగ్లిష్ కంపోజిటర్ ముందు సీసపు అక్షరాల పెట్టెలు రెండు ఉండేవి. పై పెట్టెలో పెద్దక్షరాలు, కింది పెట్టెలో చిన్నవి. అప్పర్ కేస్, లోయర్ కేస్ అనే మాటల్లో ‘కేస్’ అంటే ఆ పెట్టే. కంప్యూటర్ల కోసం 1963లో ఆస్కీ ప్రమాణం తయారైనప్పుడు అందులో కింది పెట్టె లేనే లేదు. చిన్నక్షరాలు 1967లో వచ్చి చేరాయి. అందులో పెద్ద ఏ నంబరు 65, చిన్న ఏ నంబరు 97. జడ్ దాకా ప్రతి జంటకూ తేడా సరిగ్గా 32, అంటే ఒకే ఒక్క బిట్. ఆ బిట్‌ను పట్టించుకోకపోతే పెద్దా చిన్నా ఒకటే. ఎంత పొదుపైన ఏర్పాటో!

ఇక క్యాలిబర్ సంగతి. 2006లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌లో చదువుతున్న కోవిద్ గోయల్ సోనీ పీఆర్ఎస్-500 ఈ-బుక్ రీడర్ కొన్నాడు. అది అప్పట్లో లినక్స్‌తో పనిచేసేది కాదు. దానికోసం తనే రాసుకున్న ప్రోగ్రామే 2008లో క్యాలిబర్ అయింది. పుస్తకాల వివరాలు దాచడానికి ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడారు. ట్యాగుల పట్టికలో పేరు పక్కన ‘నోకేస్’ అని ఒక్క మాట ఉంటుంది. పెద్దా చిన్నా తేడా చూడొద్దని దాని ఆజ్ఞ. ఒక పేరు రెండుసార్లు రానివ్వొద్దనే షరతు ఆ పట్టికకు విడిగా ఉంది. పేరు ఆ పట్టికలో ఒక్కచోటే ఉంటుంది, పుస్తకాల దగ్గర ఉండేది దాని నంబరు మాత్రమే. ఇంట్లో ఎంతమంది ఉన్నా గుమ్మం మీద పేరుపలక ఒక్కటే కదా, దాన్ని మారిస్తే అందరికీ మారినట్టే.

అయితే ఎస్‌క్యూలైట్ నోకేస్‌కు తెలిసినవి ఆ 26 అక్షరాలే. నెత్తిన గీత ఉన్న ఫ్రెంచ్ ఈ కనిపిస్తే దానికి పెద్దదీ చిన్నదీ వేరువేరు. అందుకే క్యాలిబర్ ఆ పోలిక పనిని తన చేతుల్లోకి తీసుకుంది. పాత లైబ్రరీల్లో మిగిలిపోయిన ఇలాంటి జంటలను వెతికి కలిపే కోడ్ కూడా అందులో ఉంది.

మన లిపికి పై పెట్టె, కింది పెట్టె గొడవ లేదు. కానీ నా లైబ్రరీలో ‘కథలు’ ఒక ట్యాగు, ‘కధలు’ ఇంకో ట్యాగు పక్కపక్కనే కూర్చున్నాయి. థ, ధల తేడాను ఏ నోకేసూ చూసీచూడనట్టు వదలదు. మొన్న రెండోదాని మీద రైట్ క్లిక్ చేసి పేరు సరిదిద్దితే రెండూ ఒకటయ్యాయి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ‘థ’ పడాలంటే మాత్రం షిఫ్ట్ నొక్కక తప్పలేదు.