గాలి మోసే బూడిద

గాలితో పని చేయించుకోవడం కృష్ణా డెల్టా రైతుకు కొత్త కాదు. కళ్లంలో చేట ఎత్తి ధాన్యం జారవిడిస్తే గింజ కాళ్ల దగ్గర పడేది, తాలు దూరంగా పోయేది. ఆ గాలే పాతిక టన్నుల పొడిని లారీలోంచి మూడంతస్తుల ఎత్తుకు ఎక్కిస్తుందంటే మాత్రం, ఎదుట నిలబడి చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు.

తెనాలి, రేపల్లె, బాపట్ల రోడ్ల మీద నడుం దగ్గర పొట్ట జారినట్టుండే పొడుగాటి ట్యాంకర్లు కనిపిస్తాయి. వాటిని బల్కర్లంటారు. పాలో నూనో అనుకుంటాం గానీ లోపల ఉండేది సిమెంటో, థర్మల్ కేంద్రం బూడిదో. బస్తాల రోజుల్లో యాభై కిలోల మూటను ముఠా కూలీ వీపున మోసేవాడు. కుట్టు ఊడితే ఆ పొడి అతని కళ్లలోకి, ఊపిరిలోకి పోయేది. బల్కర్‌కు గొట్టం తగిలించి కంప్రెసర్ ఆన్ చేస్తే చాలు, గంట అటూఇటూగా ట్యాంకు ఖాళీ.

ఇది ఒక్కరి బుర్రలో పుట్టిన యంత్రం కాదు. 1850లు ముగుస్తున్న రోజుల్లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో ఉన్ని మిల్లు నడిపే రూట్స్ సోదరులు, తమ నీటిచక్రానికి బదులు మరో యంత్రం చేయబోయారు. చెక్క రెక్కలు నీటికి ఉబ్బి పట్టేశాయట. ఆరబెట్టి ఉత్తినే తిప్పిచూస్తే, పక్కనున్నవాడి టోపీ ఎగిరిపోయేంత గాలి తన్నుకొచ్చిందని చెబుతారు. నీళ్ల పనికి రానిది గాలి పనికి కుదిరింది. 1860లో పేటెంటు దక్కింది. ఆ తరహా బ్లోయర్లు అమెరికా ట్యాంకర్ల మీద నేటికీ ఉన్నాయి. మన బల్కర్ల మీద ఎక్కువగా కంప్రెసర్లు కనిపిస్తాయి.

తర్వాత లండన్ వంతు. 1890ల్లో మిల్‌వాల్ రేవు ఇంజినీరు ఫ్రెడరిక్ డకమ్, ఓడ అడుగున ఉన్న ధాన్యాన్ని గొట్టంతో పీల్చి పైకి తెచ్చాడు. గింజ లొంగింది గానీ మెత్తటి పొడి మొండిది. దాన్ని గొట్టంలోకి నెట్టబోతే గాలి ఎదురుతన్నేది. ఆ చిక్కు విప్పినవాడు అమెరికా ఇంజినీరు అలోంజో కిన్యన్. తిరిగే మర పొడిని ముందుకు తోస్తూ గట్టి బిరడాలా బిగిస్తుంది, ఆ బిరడాను దాటి గాలి వెనక్కు రాలేదు. బొగ్గుపొడి కోసం చేసిన ఆ పంపు సిమెంటు ఫ్యాక్టరీల్లో స్థిరపడింది.

బల్కర్‌లో ఆ మర ఉండదు, ట్యాంకు ఒత్తిడే తోస్తుంది. గుట్టగా ఉన్న పొడిలో రేణువులు ఒకదాన్నొకటి ఒరుసుకుని కదలవు. అడుగున పరిచిన గుడ్డ పొరల్లోంచి గాలి ఊదితే ఆ పట్టు సడలి, బిగుసుకున్న బూడిద కాగే పాలలా కదులుతుంది. ఒత్తిడి చాలినంత పెరిగాకే అడుగు వాల్వు తిప్పాలి. తొందరపడితే గొట్టం పూడుకుపోతుంది. మూత తెరిచే ముందు ఒత్తిడి పూర్తిగా వదలాలి, లేకుంటే ఆ మూతే ప్రాణం తీస్తుంది.

ఇంతకీ ఈ బూడిద డెల్టాకు ఎందుకొస్తోంది? మట్టిని కాపాడడానికి. డెల్టాకు ఎగువనున్న ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో తొలి యూనిట్ 1979లో మొదలైంది. బూడిదను నీళ్లలో కలిపి చెరువుల్లోకి వదలడం అప్పట్లో మామూలు పద్ధతి. మరోపక్క ఇటుక బట్టీలు పొలాల పైమట్టిని తినేస్తుండేవి. 1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది: థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకల్లో కనీసం 25 శాతం బూడిద కలపాలి. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లు చేసింది. మ్యాపు మీద ఇబ్రహీంపట్నం చుట్టూ ఆ రెండు దూరాలకూ సున్నాలు చుట్టి చూడండి. మొదటి సున్నాలో తెనాలి పడుతుంది, రెండోదానిలో రేపల్లె, బాపట్ల కూడా వచ్చేస్తాయి.

బూడిద, సున్నం, జిప్సం కలిపి, బట్టీలో కాల్చకుండానే ఇటుక చేసే ‘ఫాల్-జి’ విధానాన్ని విశాఖపట్నంలో భానుమతీదాస్, కాళిదాస్ రూపొందించారు. ఇటుకకు దారి దొరికింది. అయితే పొడిబూడిదను తెరిచిన లారీలో తెస్తే సగం దారిలోనే గాలికి పోతుంది, ఊరి మీద పడుతుంది. గాలి ఎత్తుకుపోయే సరుకును మూసిన ట్యాంకులో పెట్టి, దించేటప్పుడు అదే గాలి చేత మోయించాలి.

కళ్లంలో పనికిరానిదాన్ని గాలి దూరంగా విసిరేసేది. ఇక్కడ పనికిరాదని పారేసినదాన్నే తిరిగి మోసుకొస్తోంది. గొట్టం వణుకు ఆగగానే డ్రైవరు ట్యాంకు మీద ఒకసారి తట్టి చూస్తాడు. బోలుగా మోగితే లోపలున్నదంతా గోడ కావడానికి వెళ్లిపోయినట్టే.