రైలు టికెట్‌లో పన్నులు, రుసుములు: విశాఖ ప్రయాణాల ఆధారంగా ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రైలు టికెట్ ధర ఎక్కువైందనగానే చాలామంది జీఎస్టీని తప్పుపడతారు. కానీ విశాఖపట్నంలో స్లీపర్ ఎక్కే ప్రయాణికుడి చార్జీ మీద జీఎస్టీ లేనే లేదు. అయినా అతను చెల్లించే మొత్తంలో మూడో వంతు మూల చార్జీతో సంబంధం లేని పద్దులకు పోయే సందర్భాలున్నాయి. విశాఖ నుంచి సాగే ప్రయాణాలను ఉదాహరణగా తీసుకుని టికెట్ ధరను పద్దులవారీగా విడదీసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. పన్ను చార్జీకి తగ్గ నిష్పత్తిలో పడుతోంది. పన్ను అన్న పేరు లేని స్థిర రుసుములు మాత్రం తక్కువ దూరం, తక్కువ తరగతిలో ప్రయాణించేవారి మీదే ఎక్కువ భారం మోపుతున్నాయి. ఈ వ్యాసం నిరూపించదలచింది ఇదే.

చారిత్రక నేపథ్యం

రైలు చార్జీల మీద పన్ను వేసే అధికారాన్ని రాజ్యాంగం కేంద్ర జాబితాలోని 89వ అంశం కింద పార్లమెంటుకు ఇచ్చింది. 1957లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి ఈ పన్నును ప్రతిపాదించగా, ఆ సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది. 16 నుంచి 30 మైళ్ల ప్రయాణానికి 5 శాతం, 31 నుంచి 500 మైళ్లకు 15 శాతం, అంతకు మించితే 10 శాతం. ఆ లెక్కన విశాఖ నుంచి విజయవాడకో, మద్రాసుకో వెళ్లేవారు 15 శాతం కట్టాలి. 500 మైళ్లు దాటే హౌరా ప్రయాణికుడికి 10 శాతమే. మధ్యస్థ దూరాలవారి మీదే రేటు ఎక్కువ.

ఆ రాబడి రాష్ట్రాలకు చేరేది. 1961 ఏప్రిల్ 1 నుంచి పన్నును రద్దు చేసి, ఆ మొత్తాన్ని మూల చార్జీలో కలిపేశారు. బదులుగా రాష్ట్రాలన్నిటికీ కలిపి ఏటా 12.5 కోట్ల రూపాయల గ్రాంటు నిర్ణయించారు. పన్ను పోయినా ప్రయాణికుడి చేతి నుంచి పోయే డబ్బు తగ్గలేదు. అందుకే టికెట్ మీది భారాన్ని పన్ను రేటు చూసి మాత్రమే కొలవడం సరికాదు.

2012 అక్టోబర్ 1న ఏసీ, ఫస్ట్ క్లాస్ టికెట్ల మీద సేవా పన్ను వచ్చింది. చార్జీలో 30 శాతం విలువకే లెక్కగట్టడంతో అసలు భారం 3.708 శాతంగా ఉండేది. 2015 జూన్‌లో అది 4.2 శాతానికి చేరింది. తర్వాత స్వచ్ఛ భారత్, కృషి కల్యాణ్ సెస్సులతో 4.5 అయింది. 2017 జులై 1న జీఎస్టీ 5 శాతంగా వచ్చింది. అంటే జీఎస్టీ వల్ల అదనంగా పడింది వెయ్యి రూపాయలకు ఐదు రూపాయలే.

టికెట్ లోపలి పద్దులు

మూల చార్జీ దూరాన్ని బట్టి మారుతుంది. స్లీపర్‌కు కనీసం 200 కిలోమీటర్ల చార్జీ కట్టాలి. విశాఖలో ఎక్కి 150 కిలోమీటర్ల దూరంలోని సామర్లకోటలో దిగినా, 200 కిలోమీటర్ల దాకా వెళ్లినా చార్జీ ఒక్కటే. దాని మీద రిజర్వేషన్ రుసుము స్లీపర్‌కు 20, థర్డ్ ఏసీకి 40 రూపాయలు. రైలు సూపర్‌ఫాస్ట్ అయితే వరుసగా మరో 30, 45 రూపాయలు. ఇవి దూరంతో మారవు.

స్లీపర్ మూల చార్జీ 125 రూపాయలనుకుందాం. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు 50 కలిస్తే 175 అవుతుంది. కార్డుతో ఆన్‌లైన్‌లో కొంటే ఐఆర్‌సీటీసీ కన్వీనియెన్స్ ఫీజు 15 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 17.70. మొత్తం 192.70లో మూల చార్జీ కానిది 67.70, అంటే 35 శాతం. హైదరాబాద్ దాకా మూల చార్జీ 350 అనుకుంటే ఇవే రుసుములు 16 శాతానికి దిగుతాయి. చార్జీ మీద జీఎస్టీ మినహాయింపు ఉన్న స్లీపర్ ప్రయాణికుడు కన్వీనియెన్స్ ఫీజు దారిలో 2.70 జీఎస్టీ కడుతున్నాడన్నదీ గమనించాలి.

థర్డ్ ఏసీ మూల చార్జీ వెయ్యి రూపాయలైతే రుసుములు 85. జీఎస్టీ 1,085 మీద పడి 54.25 అవుతుంది. అంటే రుసుముల మీద కూడా పన్నే. తత్కాల్‌లో తీసుకుంటే మరో 300 కలిసి పన్ను 69.25కు పెరుగుతుంది.

ఇ-టికెట్‌లో చెల్లింపు వివరాలు చూస్తే టికెట్ ధర ఒక వరుసలో, కన్వీనియెన్స్ ఫీజు వేరే వరుసలో ఉంటాయి. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములు మొదటి వరుసలోనే కలిసిపోతాయి. 2025లో జులై 1న, మళ్లీ డిసెంబర్ 26న మూల చార్జీలను కిలోమీటరుకు పైసల లెక్కన పెంచినప్పుడు వార్తలు ఎక్కువగా ఆ పైసల చుట్టూనే తిరిగాయి. మారకుండా ఉన్న స్థిర రుసుములు పెద్దగా చర్చకు రాలేదు.

సూపర్‌ఫాస్ట్ రుసుముకు ప్రతిఫలం

సగటున గంటకు కనీసం 55 కిలోమీటర్లు నడిచే రైళ్లనే సూపర్‌ఫాస్ట్‌గా లెక్కిస్తారు. అయితే ఉత్తర మధ్య, దక్షిణ మధ్య రైల్వేల్లో 2013–16 మధ్య పరిశీలించిన 21 రైళ్లు చాలా రోజులు ఆ వేగం అందుకోకపోయినా, 11.17 కోట్ల రూపాయలు వసూలు చేశారని కాగ్ 2017లో ఎత్తిచూపింది. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లేవారి దారిలో ఎక్కువ భాగం అప్పట్లో దక్షిణ మధ్య రైల్వేదే. సేవ అందనప్పుడు దాని రుసుమును ఉంచుకోవడానికి న్యాయమైన ఆధారం లేదు.

ఏసీ రైళ్ల విస్తరణ

విశాఖ–హైదరాబాద్ మధ్య 1974 ఫిబ్రవరి 1న మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో జనరల్, స్లీపర్, ఏసీ పెట్టెలన్నీ ఉంటాయి. 2023 జనవరి 15న సికింద్రాబాద్–విశాఖ వందేభారత్ వచ్చింది. మరుసటి ఏడాది మార్చిలో అదే దారిలో రెండోది వచ్చింది. ఈ రెండింటిలో అన్నీ ఏసీ పెట్టెలే కాబట్టి అమ్ముడైన ప్రతి సీటు మీదా జీఎస్టీ పడుతుంది. రేటు 5 శాతం దాటకుండానే పన్ను పరిధి ఇలా పెరుగుతోంది. కొత్త రైళ్లలో నాన్ ఏసీ పెట్టెలు లేకపోతే మినహాయింపు చట్టంలో ఉన్నా చేతికందదు.

సరుకు చెల్లించే మూల్యం

ఇక రాయితీ మాటకొస్తే, ప్రయాణికుల చార్జీల్లో సగటున 46 శాతం రాయితీ భరిస్తున్నామని, 2022–23లో అది 56,993 కోట్ల రూపాయలని రైల్వే శాఖ చెప్పింది. ఆ లోటులో ఎక్కువ భాగాన్ని సరుకు రవాణా ఆదాయమే పూడుస్తోంది. కిరండూల్ నుంచి కొత్తవలస మీదుగా రేవుకు చేరే ఇనుప ఖనిజం, ఉక్కు కర్మాగారానికి వెళ్లే బొగ్గు ఆ ఆదాయంలో విశాఖ పాలు. ఈ రవాణా ఖర్చు చివరికి సరుకు ధరలోకే చేరుతుంది. అందువల్ల రైల్వే ఇచ్చేది ఉచిత దానమేమీ కాదు. ఇక్కడి పరిశ్రమలూ కొనుగోలుదారులూ అందులో తమ వంతు మోస్తున్నారు.

ముగింపు

టికెట్ ధరలో అన్యాయం ఐదు శాతం జీఎస్టీలో కన్నా దూరంతో మారని రుసుముల్లో ఎక్కువగా ఉంది. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ ప్లాట్‌ఫారం టికెట్లు, వెయిటింగ్ రూములు వంటి సేవలకు మినహాయింపు ఇచ్చింది. అదే దృష్టితో మూడు పనులు చేయాలి. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ రుసుములను దూరానికి తగ్గట్టు నిర్ణయించాలి. వేగం అందని రోజు సూపర్‌ఫాస్ట్ సొమ్మును తిరిగి ఇవ్వాలి. ప్రతి టికెట్ మీదా ప్రతి పద్దూ విడిగా చూపాలి. దక్షిణ కోస్తా రైల్వే జోన్ కేంద్రంగా విశాఖను 2019లో ప్రకటించారు. పద్దులు విడిగా చూపే పని జోన్ పరిధి నుంచే మొదలుపెట్టి, మిగతా రెండింటికి రైల్వే బోర్డును ఒప్పించగలిగితే, సామర్లకోటకు, తునికి వెళ్లే సామాన్యుడి జేబుకు జోన్ వల్ల నిజమైన మేలు కలుగుతుంది.