వజీరాబాద్ ఒడ్డు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాళ్లకు సముద్రం లేదు. సాహిల్ అనే మాట మనం గజళ్లలో విన్నదే. కానీ మనకూ ఒక సాహిల్ ఉంది. మిర్యాలగూడ నుంచి అద్దంకి రోడ్డు పట్టుకుని దామరచర్ల దాటితే వాడపల్లి. మూసీ వచ్చి కృష్ణలో కలిసే ఊరు. దీనికే వజీరాబాద్ అని ఇంకో పేరు.

ఉర్దూ మీడియం బడిలో మేం చదివిన తారీఖ్ అంతా దిల్లీ, ఆగ్రా, గోల్కొండ. గంగా జమునా సంగమాన్ని పటంలో ఠక్కున చూపించేవాళ్లం. ఇంటి పక్క సంగమం మాత్రం ఏ సబఖ్‌లోనూ రాలేదు. మన పిల్లలకైనా తెలియాలని ఇది రాస్తున్నా.

మూసీ పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. పండితులు ముచికుంద నది అన్నారు. మన బుజుర్గులు మూసా అన్నారు, దానిలో కలిసే రెండో నదిని ఈసా అన్నారు. ఇద్దరు పైగంబర్లను యాదికి తెచ్చే ఆ రెండు నదులూ హైదరాబాద్ లంగర్‌హౌజ్ దగ్గర, ఇప్పటి బాపూఘాట్ వద్ద ఒకటవుతాయి. 1578లో కుతుబ్ షాహీలు ఈ నది మీదే పురానాపూల్ కట్టారు. 1908 సెప్టెంబర్ 28న వచ్చిన తుగ్యానీ వేల ప్రాణాలు తీసుకుపోయింది. ఆ దెబ్బకే ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. 1963 నాటికి మన సూర్యాపేట దగ్గర సోలిపేట వద్ద మూసీ ప్రాజెక్టు పూర్తయింది. ఇంత కథ మోసుకుంటూ వచ్చిన నది వాడపల్లిలో చడీచప్పుడు లేకుండా పెద్ద దరియాలో కలిసిపోతుంది.

ఫజర్ తర్వాత ఆ ఒడ్డున నిలబడితే ఒక సుకూన్. బండరాళ్ల మధ్య నీళ్లు, పుట్టిలో చేపలకు పోయే మనుషులు, ఎదురుగా పల్నాడు వైపు పొందుగుల.

ఆ ఎదురు ఒడ్డు ఒకప్పుడు వేరే ముల్కు. 1947 దాకా ఇటు నిజాం రియాసత్, అటు అంగ్రేజుల మద్రాసు ప్రెసిడెన్సీ. ఇటు హాలీ సిక్కా, అటు కల్దార్. ఇటు పట్వారీ, అటు కరణం. 1884 నుంచి ఇటు దఫ్తర్ జబాన్ ఉర్దూ. రెండు ఒడ్ల ఇళ్లల్లో మాత్రం తెలుగే. 1956లో సరహద్దు చెరిగింది, 2014 జూన్ 2న మళ్లీ వచ్చింది. హుకూమత్‌లు గీత గీసినా చెరిపినా, నీళ్లు మాత్రం రెండు ఒడ్లనూ ఒకేలా తడిపాయి.

సంగమం దగ్గర అగస్త్యేశ్వర స్వామి గుడి ఉంది. లింగం మీది గుంటలో నీళ్లు ఎంత తీసినా తగ్గవని భక్తులు చెప్పుకుంటారు. ఇదే కృష్ణ తీర ప్రాంతంలో, పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా ఉంది. జనవరిలో ఉర్సుకు వచ్చేవాళ్లలో హిందువులు ఎంతమందో! సయ్యద్ అనే మాట వాళ్ల నోట సైదులు అయింది, ఆడపిల్లకు సైదమ్మ అయింది. మన జిల్లాలో సైదులు అని పిలిస్తే పలికే మనిషి ముసల్మానే కానక్కర్లేదు. సంగమం అంటే నీళ్లు కలవడం ఒక్కటే కాదు, పేర్లు కలవడం కూడా.

కానీ ఈ విరాసత్ ఇప్పుడు సలామతుగా లేదు. రాజధాని మురికినంతా మూసీ నెత్తిన పెడుతున్నాం. ఈ ప్రాంతపు సున్నపురాయి కోసం సిమెంటు కార్ఖానాలు వచ్చాయి. దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల థర్మల్ కేంద్రం లేచింది. కరెంటూ సిమెంటూ మనకూ కావాలి, కాదనను. మన పిల్లల రోజీ కూడా వాటిలో ఉంది. కానీ నీటి హిసాబ్ ఎవరు చూస్తారు? వజీరాబాద్ అనే పేరు ఇప్పటికే నోళ్ల మీద నుంచి జారిపోతోంది. పేరు పోతే కాగితం వెతికి తెచ్చుకోవచ్చు. నది పోతే ఎక్కడి నుంచి తెస్తాం?

పారే దరియా ఒడ్డున వుజూ చేస్తున్నా నీళ్లు వృథా చేయొద్దన్నది మన హుజూర్ (స) తాలీమ్. చెంబెడు నీళ్లకే జవాబు చెప్పాల్సిన వాళ్లం, మొత్తం నదికి ఏం జవాబు చెబుతాం? ఈ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని ఒకసారి వాడపల్లి పోయి రండి. ఇది మూసా నది, ఇది కృష్ణ, ఈ రెండూ మన దగ్గరున్న అమానత్ అని వాళ్లకు చెప్పండి. తిరిగొచ్చేటప్పుడు ఆ ఒడ్డున మన ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా మిగలనివ్వకండి.