తుమ్మకర్ర

నిర్గమకాండంలో హెబ్రీ ‘షిట్టీం’ చెక్క తెలుగు బైబిల్లో ‘తుమ్మకర్ర’ అయింది. సీనాయి ఎడారి తుమ్మా, మన నల్లతుమ్మా వేరు రకాలే, కానీ దగ్గరి చుట్టాలు. 1822లో లండన్ మిషన్ కాలుపెట్టిన కడపలోనైనా, పక్కన కర్నూలులోనైనా ఈ కర్రను కొత్తగా చెప్పక్కర్లేదు. బండి చక్రానికి అదే, నాగలికి అదే. కాయలు మేకలకు, బంక పిల్లలకు. నల్లటి మొరటు మనిషిని తుమ్మమొద్దు అనే నోళ్లూ ఉన్నాయి.

అలాంటి ముళ్లచెట్టుతోనే రెండున్నర మూరల మందసం చేసి, లోపలా బయటా బంగారు రేకు పొదగమని ఆజ్ఞ. ఆ కర్ర క్రీస్తు మానవత్వం, బంగారం దైవత్వం అని క్రైస్తవ వ్యాఖ్యాతల మాట. నాకైతే బంగారం కన్నా కర్రే గట్టి పోలిక. చెరువుల్ని కమ్మేస్తున్న సర్కారుతుమ్మను మాత్రం ఇందులో కలపకండి. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది.